నాలుగు అక్షరాల కోసం బయల్దేరి: కంటి నర్సుగా నా అనుభవం

"కంటికి కూడా వేరే నర్సులుంటారటే?" అని అడిగింది అమ్మ ఫోన్లో.

2015 మార్చి సంగతి. అమెరికాలో ఒక పెద్ద హాస్పిటల్లో మెడికల్-సర్జికల్ ఫ్లోర్ మీద ఏడేళ్లు నైట్ డ్యూటీలు చేశాక నడుము పట్టేసింది. "అమ్మ పడుకుంది, శబ్దం చెయ్యకు" అని పిల్లలు పట్టపగలు గుసగుసలాడుకోవడం వినలేకపోయాను. ఒక కంటి సర్జరీ సెంటర్లో ఖాళీ ఉందంటే మారిపోయాను. వారానికి నాలుగు రోజులు, పగటి పని, శనాదివారాలు సెలవు.

"ఉంటారమ్మా" అన్నాను.

"ఏం చేస్తారు? చుక్కలు వేస్తారా?"

"ఆ, చుక్కలే."

అప్పటికి నా ఉద్దేశమూ అంతే. పేషెంట్లు నడుచుకుంటూ వస్తారు, పావుగంటలో శుక్లం తీసేస్తారు, జ్యూస్ తాగి నడుచుకుంటూ వెళ్లిపోతారు. గుండె ఆగిపోయిన మనిషి ఛాతీ మీద మోకాళ్లేసి కూర్చుని నొక్కిన దానికి ఇదో లెక్కా అనుకున్నాను.

కన్ను గురించి నాకెంత తెలుసో కూడా చెప్పాలి కదా. ఫ్లోర్ మీద ప్రతి పేషెంట్ చార్టులోనూ 'పెర్లా' అని రాసేవాళ్లం. కనుపాపలు రెండూ సమానంగా, గుండ్రంగా ఉన్నాయి, వెలుతురుకీ దగ్గరి చూపుకీ స్పందిస్తున్నాయి అని దాని అర్థం. టార్చ్ జేబులోంచి తీయకుండానే రాసేసిన రాత్రులు నాకున్నాయి. ఒప్పుకునే నర్సులు తక్కువేమో గానీ, లేని నర్సులు ఇంకా తక్కువ.

కొత్త చోట మొదటి వారమే గర్వం దిగింది. ఒక్కో రోజు 20 దాకా కేసులు. ప్రతి ఒక్కరికీ కనుపాప పెద్దది చేసే చుక్కలు, ఐదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు. ఆ సీసాలకి ఎర్ర మూత ఉంటుంది. కనుపాపని చిన్నది చేసే మందుకి ఆకుపచ్చ మూత. నీటికాసులకి వాడే టిమొలాల్ లాంటి వాటికి పసుపు. మూత రంగు చూసి మందు రకం గుర్తుపట్టాలని మొదటి రోజే చెప్పారు. ఆ వెంటనే, రంగుని నమ్మి పేరు చదవడం మానేస్తే ఉద్యోగం పోతుందని కూడా చెప్పారు. "కుడి కంటికే కదండీ ఆపరేషన్?" అని అడగకూడదు, ఎందుకంటే టెన్షన్‌లో ఉన్న పెద్దవాళ్లు దేనికైనా తలూపేస్తారు. "ఈరోజు ఏ కంటికి?" అని అడిగి వాళ్ల నోటితో చెప్పించాలి. ఆ తర్వాత ఆ కనుబొమ్మ పైన గుర్తు పెట్టాలి. లోపల పెట్టబోయే లెన్స్ పవర్‌ని పేషెంట్ పేరుతో, కన్నుతో, కొలతల కాగితంతో పోల్చి బయటికి చదవాలి. ఇరవయ్యో కేసుకి కూడా మొదటి కేసంత శ్రద్ధగా చదవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

అక్కడ నాకంటే సీనియర్ ఒకావిడ బ్యాడ్జి మీద పేరు పక్కన ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్సు), ఆ తర్వాత సి.ఆర్.ఎన్.ఓ. అని ఉండేది. కంటి నర్సింగ్‌లో సర్టిఫికేషన్ అట. ఆ నాలుగు అక్షరాలు చూసి నాకు ఆశ పుట్టింది. చిన్నప్పటి నుంచీ సర్టిఫికెట్లంటే పిచ్చి, అది వేరే కథ. ఆ రాత్రే వెతికితే అమెరికన్ సొసైటీ ఆఫ్ ఆఫ్తాల్మిక్ రిజిస్టర్డ్ నర్సెస్ అనే సంఘం కనిపించింది. పొట్టిగా ఏసార్న్ అంటారు. 1976లో పెట్టారు, ఆఫీసు శాన్ ఫ్రాన్సిస్కోలో. ఇంకేం ఆలోచించకుండా కార్డు తీసి మెంబర్‌షిప్ కట్టేశాను.

రెండు వారాలు పోయాక బ్యాడ్జి మార్పించుకోవచ్చా అని ఆ సీనియర్‌ని అడిగాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. సంఘం వేరు, పరీక్ష పెట్టి అక్షరాలిచ్చే బోర్డు వేరు అంది. ఆ బోర్డు పేరు నేషనల్ సర్టిఫైయింగ్ బోర్డ్ ఫర్ ఆఫ్తాల్మిక్ రిజిస్టర్డ్ నర్సెస్. పుస్తకాలు వేయడం, పాఠాలు చెప్పడం, పని ఎలా చేయాలో పద్ధతులు రాయడం సంఘం పని. పాఠం చెప్పినవాళ్లే పరీక్ష పెట్టి పాస్ చేసుకుంటే దానికి విలువేముంటుంది, అందుకని రెండూ విడివిడిగా ఉంటాయి. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన, "తెలుగు సంఘానికి చందా కడితే తెలుగు పండితుడైపోతాడా ఎవడైనా?" అని రెండ్రోజులు ఏడిపించాడు.

పైగా పరీక్షకి కూర్చోవాలంటే కంటి నర్సింగ్‌లో రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, అంటే 4,000 గంటలు ఉండాలి. నాకు వారానికి 32 గంటలు. ఏడాదికి 1,600 వేసుకున్నా రెండున్నరేళ్లు పడుతుంది. సరే, డబ్బు ఎలాగూ కట్టాం కదా అని ఊరుకున్నాను. మూడు నెలలకోసారి సంఘం వాళ్ల పత్రిక 'ఇన్‌సైట్' వచ్చేది. చదివానని అబద్ధం చెప్పను. మంచం పక్కన బల్ల మీద పేరుస్తూ పోయాను.

2016లో సంఘం వార్షిక సమావేశానికి వెళ్లాను. ఎక్కువగా కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ గంటల కోసం, కొంచెం ఇంటి నుంచి మూడు రోజులు తప్పించుకోవడానికి. ఏసీ హాల్లో స్లైడ్లు చూస్తూ సగం నిద్రలో ఉన్నాను. పక్క కుర్చీలో డెబ్బై ఏళ్ల ఆవిడ, రిటైరైన నర్సు, స్వెటర్ అల్లుతూ వింటోంది. టీ బ్రేక్‌లో మాటలు కలిశాయి. 1960ల్లో నర్సింగ్ స్టూడెంట్‌గా కంటి వార్డులో పోస్టింగ్ వేస్తే తన పనల్లా ఇసుక మూటలు సర్దడమేనట. శుక్లం తీసిన పేషెంట్ తల కదపకూడదు, కుట్లు విడిపోతాయి. అందుకని తలకి రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. అన్నం తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం, దగ్గొద్దు తుమ్మొద్దు అని బతిమాలడం, అన్నీ నర్సులే.

నేను గబుక్కున కప్పు కింద పెట్టేశాను. మా అమ్మమ్మకి ఆపరేషన్ అయినప్పుడు తలకి అటూ ఇటూ పాత చీరల్లో చుట్టిన మూటలుండేవి. నాకు ఐదారేళ్లు. దగ్గరికి వెళ్తే "అమ్మమ్మని నవ్వించకు" అని కసిరేవాళ్లు. ఆ తర్వాత ఆవిడకి సోడాబుడ్డి అద్దాలొచ్చాయి. వాటి వెనక ఆవిడ కళ్లు ఇంతింత పెద్దవిగా కనిపించేవి, నాకు భయమేసేది. లెన్స్ తీసేసి బదులు ఏమీ పెట్టకపోతే ఆ లోటు కళ్లద్దాలే భర్తీ చేయాలి, అందుకే అంత మందం. హెరాల్డ్ రిడ్లీ లండన్‌లో 1949లోనే కంటి లోపల ప్లాస్టిక్ లెన్స్ పెట్టాడు. యుద్ధంలో పైలట్ల కళ్లలో విమానం అద్దం ముక్కలు గుచ్చుకున్నా కన్ను వాటిని పెద్దగా పట్టించుకోకపోవడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందట. చార్లెస్ కెల్మన్ 1967లో శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో చితక్కొట్టి పీల్చేసే పద్ధతి పెట్టాడు. పంటి డాక్టర్ కుర్చీలో కూర్చున్నప్పుడు తట్టిందట ఆయనకి. ఇవన్నీ జరిగిపోయాక కూడా అమ్మమ్మ దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో!

ఇసుక మూటలు పోయాక కంటి నర్సుకి పని లేకుండా పోతుందని చాలామంది అనుకున్నారట. "పని పోలేదు, దాక్కుంది" అందావిడ సూదుల మీంచి చూపు తీయకుండా. నాకప్పుడు అర్థం కాలేదు. ఫోన్ నంబర్ మాత్రం తీసుకున్నాను.

2017 ఫిబ్రవరి. మంగళవారం పదకొండు శుక్లాలు చేశాం, అన్నీ సాఫీగా జరిగాయి. బుధవారం ఉదయం చెకప్ క్లినిక్ నుంచి ఫోన్. పదకొండు మందిలో ముగ్గురికి కార్నియా మసకబారింది. నల్లగుడ్డు మీద ఉండే ఆ అద్దం లాంటి పొర, అంచు నుంచి అంచు దాకా, చలికాలంలో అద్దం మీద ఊపిరి వదిలినట్టు తెల్లగా. నేను పరిగెత్తి చూశాను. ఒకాయన ఏమాత్రం బాధ లేకుండా కూర్చుని ఉన్నాడు. "నొప్పేం లేదు, కానీ నిన్న కనపడినంత కూడా కనపడట్లేదు, ఇది మామూలేనా?" అని నన్నే అడిగాడు. ఏం చెప్పాలో తెలియక డాక్టరు వస్తున్నారన్నాను.

అందరి గుండెల్లో రాయి పడింది. ఆపరేషన్ తర్వాత కంట్లో ఇన్ఫెక్షన్ వస్తే కన్నే పోవచ్చు. డాక్టర్లు శాంపిల్స్ పంపి, ముందు జాగ్రత్తగా అన్నీ మొదలుపెట్టారు. కానీ సీనియర్ సర్జన్‌కి మాత్రం అనుమానం. ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా రెండు రోజుల నుంచి వారం లోపు బయటపడుతుంది, నొప్పి ఉంటుంది. ఒక్క రాత్రిలో, నొప్పి లేకుండా, ఒకే రోజు చేసిన ముగ్గురికి ఒకేలా రావడం అంటే టాస్ కావచ్చన్నాడు. కంటి లోపల ముందు భాగంలోకి ఏదో పడని పదార్థం వెళ్లడం వల్ల వచ్చే వాపు అది. క్రిమి కాదు, విషం. గంట గంటకీ స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టారు.

ఇక మా దగ్గర మొదలైంది. ఆ రోజు మందులు ఎవరు కలిపారు? చుక్కలు ఎవరు వేశారు? ట్రేలు ఎవరు తెరిచారు? మేనేజర్ చార్టులన్నీ టేబుల్ మీద పరిచింది. మూడింటిలోనూ నా సంతకం ఉంది. మిగతా ఎనిమిదింటిలోనూ ఉంది, కానీ ఆ ఎనిమిదీ ఎవరూ చూడట్లేదు. పాతవాళ్లలో కొత్తదాన్ని, యాస వేరు. ఎవరూ నోరు తెరిచి అనలేదు. లంచ్ రూమ్‌లో నేను వెళ్లగానే మాటలు ఆగిపోయాయి, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక మంచం పక్కన గుట్ట మీద చెయ్యేశాను. రెండేళ్ల 'ఇన్‌సైట్'లు. వాటితో మొదలుపెట్టి తెల్లారే దాకా చదివాను. 2006లో ఉత్తర అమెరికాలో టాస్ కేసులు గుంపులుగా బయటపడ్డాయట. కారణాలు వెతకడానికి శుక్లం సర్జన్ల సంఘం ఏఎస్‌సీఆర్‌ఎస్ ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టింది. 2007లో ఆ సర్జన్ల సంఘం, మా నర్సుల సంఘం కలిసి, కంటి లోపల వాడే పరికరాలని ఎలా కడగాలి, ఎలా స్టెరిలైజ్ చేయాలి అని పద్ధతులు రాసి అచ్చేశాయి. నేను చందా కట్టిన సంఘమే. అక్షరాలివ్వలేదని నేను మూతి ముడుచుకున్న సంఘమే.

పొద్దున్నే ఆ పెద్దావిడకి ఫోన్ చేశాను. గొంతు వణుకుతోంది నాకు. అంతా విని ఆవిడ ఒక్క ముక్క చెప్పింది: "మందుల సంగతి కాసేపు వదిలెయ్. వెళ్లి సింక్ దగ్గర నిలబడు. ఒక గంట ఎవరితోనూ మాట్లాడకు, ఊరికే చూడు."

నిలబడ్డాను. మా దగ్గర పరికరాలు కడిగే కుర్రాడు మంచివాడు, పనిమంతుడు. కానీ రోజుకి 20 కేసులకి ఉన్నవి నాలుగు సెట్లు. ఒక సెట్ లోపల వాడుతుంటే ఒకటి ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్‌లో, ఒకటి సింక్‌లో, ఒకటి దారిలో. "ట్రే అయిందా?" అని తలుపు దగ్గర నుంచి కేకలు. ఎంజైమ్ డిటర్జెంట్‌ని కొలిచి కాకుండా చేతివాటంగా గిన్నెలో ఒంపుతున్నాడు, నురగ ఎక్కువ ఉంటే శుభ్రం ఎక్కువ అని నమ్మకం. వాడిన కాన్యులాలు కాసేపు పొడిగా ట్రేలోనే పడున్నాయి. సన్నటి సూది గొట్టాలవి, వాటి లోపలి దారి వెంట్రుకంత. సిరంజితో ఒక్కసారి నీళ్లు తోసి పక్కన పెడుతున్నాడు.

ఒక గంట అయ్యాక, అతను కడిగేసి పెట్టిన ఒక కాన్యులా నేను తీసుకున్నాను. సిరంజిలో నీళ్లు నింపి, నల్లటి రబ్బరు షీట్ మీదకి పట్టుకుని నెమ్మదిగా తోశాను. నీటి చుక్క రావాల్సిన చోట ముందు ఒక చిన్న పురుగు లాంటిది వచ్చింది. పారదర్శకంగా, వంకర తిరిగి, జిగురుగా. వేలితో ముట్టుకుంటే సాగింది. ఆపరేషన్‌లో కంటి లోపల ఖాళీ నిలబెట్టడానికి వాడే జెల్ అది. ఎండి లోపల అంటుకుపోయింది. ఆ తర్వాత నీళ్లు ధారగా వచ్చాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆటోక్లేవ్ క్రిములని చంపుతుంది. జెల్‌ని, డిటర్జెంట్‌ని అది కడగదు. చచ్చిన మురికి కూడా మురికే. వేరే ఆపరేషన్లలో ఆ కాస్త లెక్కలోకి రాకపోవచ్చు. కానీ కార్నియా లోపలి వైపు ఎండోథీలియం అని ఒకే ఒక్క కణం మందం పొర ఉంటుంది. కార్నియాలోంచి నీటిని ఎప్పటికప్పుడు తోడేసి దాన్ని పారదర్శకంగా ఉంచేది అదే. మనిషిలో ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు. ఉన్నవాటితోనే చివరిదాకా సర్దుకోవాలి. కాన్యులా చివర మిగిలిన రవ్వంత పదార్థం సూటిగా వెళ్లేది అక్కడికే.

చెబితే మేనేజర్ మొదట ముఖం మాడ్చుకుంది. ఎవరి మీదో నెపం వేస్తున్నాననుకుంది. నేను చెప్పేది ఆ కుర్రాడి గురించి కాదు, నాలుగు సెట్ల గురించి అన్నాను. 2007 కాగితం ప్రింట్ తీసి సర్జన్‌కిచ్చాను. అందులో సర్జన్ల సంఘం పేరు పక్కనే నర్సుల సంఘం పేరు ఉండడం ఎంత పనికొచ్చిందో చెప్పలేను. అదే మాట నేనొక్కదాన్ని అంటే కొత్త నర్సు సాకు అయ్యేది. సర్జన్ అక్కడే నిలబడి చదివాడు. తర్వాతి నెలకి సెట్లు పెరిగాయి. కుదిరిన చోటల్లా ఒకసారి వాడి పారేసే కాన్యులాలు వచ్చాయి. డిటర్జెంట్‌కి కొలత గ్లాసు వచ్చింది. వాడిన వెంటనే తడిలో వేయడం, ఎక్కువ నీళ్లతో లోపలంతా తోయడం, చివరి కడుగు స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో చేయడం మొదలైంది. కడగడానికి ఇంత టైమ్ పడుతుంది, ఆ లోపు కేకలేయకూడదు అని గోడ మీద రాసి అంటించారు. దాని పక్కనే నిలబడి కేకలేసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారనుకోండి.

శాంపిల్స్‌లో ఏ క్రిమీ పెరగలేదు. ముగ్గురిలో ఇద్దరికి కొన్ని వారాల్లో కార్నియా తేటపడింది. మూడో ఆవిడకి పడలేదు. ఆ కణాలు ఆవిడకి ముందే తక్కువట. తర్వాత కార్నియా మార్పిడికి పంపారు. ఆవిడకి వచ్చిన దానికి ఆ జెల్లే కారణమని గానీ, డిటర్జెంటే అని గానీ ఎవరూ తేల్చలేదు. ఇలాంటి వాటిలో చాలాసార్లు తేలదు కూడా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పి వెళ్లింది. నాకది ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ తర్వాత పరీక్ష మీద నా ఆశ వేరే రకంగా మారింది. అక్షరాల కంటే, ఇంకా ఏమేం తెలియకుండా పని చేసేస్తున్నానో అన్న భయం ఎక్కువైంది. ఆ ఏడాది చివరికి గంటలు పూర్తయ్యాయి. ధ్రువీకరణకి మేనేజర్ సంతకం పెడుతూ, "దీనివల్ల జీతం పెరగదు, తెలుసుగా?" అంది. తెలుసన్నాను. (పెరగలేదు.)

ఆరు నెలలు చదివాను, పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి. నేను రోజూ చేసేది శుక్లం. పరీక్షలో కన్నంతా ఉంటుంది: రెటీనా, నీటికాసులు, కనురెప్పలు, మెల్లకన్ను, దెబ్బలు, పిల్లల కళ్లు. మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటి కండరం లాగితే గుండె వేగం పడిపోతుందని, కంటిని నొక్కితే ఇలా జరుగుతుందని 1908లోనే ఇద్దరు వేర్వేరుగా రాశారని చదివి పుస్తకం మూసేశాను. మానిటర్ మీద నంబర్ పడిపోతుంటే నర్సు మందు వైపు పరిగెత్తే ముందు "లాగడం ఆపండి" అనాలి. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెడితే అది కరిగే దాకా విమానం ఎక్కకూడదు, ఇంకో ఆపరేషన్‌కి నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇవ్వకూడదు. బుడగ ఉబ్బి కంట్లో ప్రెషర్ పెరిగి చూపు పోవచ్చు. ఒక రకం గ్యాస్ రెండు వారాలుంటుంది, ఇంకో రకం రెండు నెలల దాకా. అందుకే ఆ పేషెంట్ల చేతికి పట్టీ కడతారు, ఇంటికెళ్లాక కూడా తీయొద్దంటారు. కంట్లో యాసిడో సున్నమో పడి వస్తే చూపు పరీక్ష, పేరు, ఇన్సూరెన్సు అన్నీ తర్వాత, ముందు నీళ్లు. ఫ్లోర్ మీద ఏడేళ్లు 'ముందు అసెస్‌మెంట్' అని నూరిపోసిన బుర్రకి అది ఎక్కడానికి టైమ్ పట్టింది.

అప్పుడే ఒక ఆదివారం నాన్న ఫోన్ చేశారు. శుక్లం ముదిరిందన్నారట, వచ్చే వారం ఆపరేషన్. ఆయన మందుల లిస్టు చెప్పమన్నాను. బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి.

"అంతేనా నాన్నా?"

"అంతేనమ్మా."

"రాత్రిపూట లేవకుండా ఏదైనా వేసుకుంటారా?"

కాసేపు నిశ్శబ్దం. కూతురికి చెప్పాల్సిన విషయం కాదు కదా. అమ్మ వెనక నుంచి, "ప్రోస్టేటుది వేసుకుంటారుగా, చెప్పరేం?" అంది.

టామ్సులోసిన్. ఆ మాత్ర వాడేవాళ్లకి ఆపరేషన్ మధ్యలో ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) తడి కాగితంలా వదులైపోయి రెపరెపలాడుతుంది, కనుపాప ముడుచుకుపోతుంది. 2005లో ఛాంగ్, క్యాంప్‌బెల్ అనే డాక్టర్లు బయటపెట్టారు దీన్ని. మానేసినా ఆ ప్రభావం పూర్తిగా పోదు, కాబట్టి సొంతంగా ఆపాల్సిన పని లేదు. సర్జన్‌కి ముందే తెలిస్తే తగ్గ ఏర్పాట్లు చేసుకుంటాడు.

"దానికీ కంటికీ ఏంటమ్మా సంబంధం?" అన్నారు నాన్న.

"మీరు వెళ్లి డాక్టరుకి చెప్పండి, చాలు."

చెప్పారు. ముందే చెప్పి మంచి పని చేశారని డాక్టరు అన్నాడట. ఆ ముక్క నాన్న బంధువులందరికీ చెప్పుకున్నారు, తనకే తట్టినట్టు. నేను ఆ రోజు నుంచి "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని ఊరుకోవడం మానేశాను. "ఒంటేలుకి సంబంధించి ఇప్పుడు గానీ, ఎప్పుడైనా గానీ?" అని విడిగా అడుగుతాను. ఆడవాళ్లనీ అడుగుతాను, వాళ్లకీ ఒక్కోసారి రాస్తారు.

2018 వసంతంలో పరీక్ష. కంప్యూటర్ ముందు కూర్చోవడం, నాలుగు ఆప్షన్లలో రెండు ఒకేలా అనిపించడం, బయటికొచ్చి కారులో పావుగంట స్టీరింగ్ మీద తల పెట్టుకోవడం, ఏ పరీక్షకైనా ఉండేవే. పాసయ్యాను. అమ్మకి చెబితే, "అయితే ఇప్పుడు చుక్కలు వెయ్యక్కర్లేదా?" అంది.

సంఘం గురించి గొప్పలు చెప్పలేను. చిన్న సంఘం. మెంబర్‌షిప్ చాలామంది సొంత జేబులోంచే కట్టుకుంటారు. కంటి క్లినిక్‌లలో నర్సుల చోట టెక్నీషియన్లు వచ్చేశారు, వాళ్లకి వేరే సర్టిఫికేషన్లున్నాయి. సమావేశాల్లో తలలు చూస్తే నెరిసినవే ఎక్కువ. పత్రికలో కొన్ని వ్యాసాలు చదువుతుంటే కునుకొస్తుంది, ఇప్పటికీ. కానీ పద్ధతులు రాసే బల్ల దగ్గర సింక్ ముందు నిలబడేవాళ్లకి కూడా ఒక కుర్చీ ఉండాలి. నాకు తెలిసినంతలో అమెరికాలో కంటి నర్సులకి ఆ కుర్చీ సంపాదించింది ఈ సంఘమే. పెద్దావిడ 'దాక్కుంది' అన్న పని ఎక్కడ దాక్కుందో నాకు ఆ రబ్బరు షీట్ మీద కనిపించింది. ఆవిడకి ఆ మాట చెబుదామని తర్వాతి సమావేశంలో వెతికాను. మోకాలి ఆపరేషన్ అయి రాలేకపోయింది. ఫోన్లో చెబితే, "ఆ కుర్రాడికి సెట్లు పెంచారా లేదా, అది చెప్పు" అంది.

పోయిన నెల మా దగ్గర కొత్తమ్మాయి చేరింది. ఐసీయూ నుంచి వచ్చింది. రెండో వారమే నా బ్యాడ్జి చూసి అడిగింది, "ఆ సంఘంలో చేరితే ఈ అక్షరాలు ఇస్తారా?"

"ఇవ్వరు" అన్నాను.

"మరి చేరడం ఎందుకు?"

తర్వాతి కేసుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఒక సిరంజి, నల్ల రబ్బరు షీట్ తీసుకుని నాతో రమ్మన్నాను.